నంబరు గీకేసిన ట్రాన్సిస్టర్లు

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు బల్ల ముందు కూర్చోగానే ఒకటే అడుగుతారు. "ఈ మోటారుకి ఎన్ని ఆంపుల ట్రాన్సిస్టరు వెయ్యాలి?" అని. నేనూ ఒకప్పుడు అదే అడిగాను. జవాబు చెప్పేవాళ్లకి కొదవ లేదు. అమ్మేవాడు చెబుతాడు, దాన్ని చేసిన కంపెనీ కాగితంలో మొదటి వరస చెబుతుంది, ఫోనులో వీడియో చెబుతుంది. కానీ అది ఆఖరున అడగవలసిన ప్రశ్న. ముందు అడగవలసినవి వదిలేసి నేను బిగించిన రెండు ట్రాన్సిస్టర్ల వల్ల ఒక మనిషి మణికట్టు విరిగింది. ఆమె బండి, ఆమె బతుకుతెరువు, నా చేతి మీద ఆమెకున్న నమ్మకం, మూడూ ఒక్క పొద్దున పోయాయి. వాటిలో ఏది తిరిగొచ్చిందో, ఎలా వచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా పేరు రవణమ్మ. అయిదో తరగతి దాకా చదివాను. సాలూరులో మా మావ దగ్గర పని నేర్చుకుని, తరవాత పూసపాటిరేగ దగ్గర హైవే పక్కన సొంతంగా షాపు పెట్టుకున్నాను. మొదట లారీల మోటార్లు, ఆ తరవాత బ్యాటరీ బండ్ల కంట్రోలర్లు, అంటే మోటారు వేగాన్ని అదుపులో పెట్టే పెట్టెలు. కళ్లు మసకబారాక బల్ల మా కోడలు గౌరికి అప్పగించాను. అది పాలిటెక్నిక్ చదివింది. ఇప్పుడు నా పనల్లా పక్కన స్టూలు మీద కూర్చుని తిట్టడమే. షాపు ఎప్పుడు పెద్దది చేశాను, ఎవరు సన్మానం చేశారు అన్నవి మీకు పనికిరావు. వదిలేస్తున్నాను.

అరచెయ్యి

మా మావ పేరు సింహాచలం. సాలూరులో లారీలకి కరెంటు పని చేసేవాడు. నా పెనిమిటి లారీ మీద వెళితే పది రోజులకి గాని రాడు. ఇంట్లో ఊరికే కూర్చోవడం నాకు నచ్చని పని. "మోటారు లోపల ఆర్మేచరుకి తీగ సుట్టడానికి సన్నపు యేళ్లు గావాల, రాయే" అన్నాడు మావ. వెళ్లాను.

లారీ ఇంజనుకి మొదటి తిప్పు తిప్పే సెల్ఫ్ మోటారు ఉంటుంది కదా, దానికి వెళ్లే తీగ నా బొటనవేలంత లావు. మీట నొక్కిన ఆ రెండు క్షణాల్లో అది తాగే కరెంటు ఇంతా అంతా కాదు. కాబట్టి నేను ఈ పనిని చిన్న కరెంటుతో మొదలుపెట్టలేదు. పెద్ద కరెంటుతోనే మొదలుపెట్టాను. ఒక నట్టు పావు తిప్పు వదులుగా ఉంటే అక్కడే తీగ నల్లబడిపోయేది. ఈరోజుకీ నా దగ్గరికి "ట్రాన్సిస్టరు కాలిపోయిందమ్మా" అని వచ్చే బండ్లలో కొన్నిటికి రోగం ట్రాన్సిస్టరుది కాదు, నట్టుది.

మావ దగ్గర మీటరు ఉండేది గాని దాన్ని తీసేవాడు కాదు. ఏ పని అయ్యాకైనా, మోటారు కాసేపు తిరిగాక, "సెయ్యెట్టు" అనేవాడు. అరచెయ్యి ఆనించి పది అంకెలు లెక్కపెట్టాలి.

"పదిదాకా సెయ్యాగితే బతుకుతాది," అనేవాడు. "అయిదుకే లాగేసుకుంటే వారానికి సస్తాది. ఎట్టనేకపోనావా, అదప్పుడే సచ్చిపోయినాది. దానికి ఇంకా తెలీదంతే."

ఇంతకంటే మంచి పాఠం నాకు ఎవరూ చెప్పలేదు. గౌరి ఇప్పుడు వేడి కొలిచే తుపాకీ లాంటిదేదో తెచ్చింది. మంచిదే. కానీ మెరిసే అల్యూమినియం రేకు మీద అది తప్పు చూపిస్తుంది. అరచెయ్యి చూపించదు.

మావ మంచి పనిమంతుడు. మంచి గురువు కాదు. ఈ మాట ఆయన బతికుండగా అనలేదు, ఇప్పుడు అంటున్నాను. లారీ డ్రైవర్లకి కేబిన్‌లో ఫ్యాను కావాలని, దాని వేగం తగ్గించుకునే వీలు కావాలని గొడవ మొదలైంది ఒకప్పుడు. అప్పట్లో ఇనప టోపీ పెట్టినట్టుండే ట్రాన్సిస్టర్లు వచ్చేవి. ఒకటి చాలడం లేదని పక్కపక్కన రెండు వేశాను. రెండూ కాలిపోయాయి. మళ్లీ రెండు వేశాను. కాలిపోయాయి. మూడోసారీ అంతే. మావ బీడీ కాల్చుకుంటూ చూస్తున్నాడు. నాలుగోసారి లేచి వచ్చి, ఒక్కొక్క ట్రాన్సిస్టరు కాలి కింద చిన్న తీగ ముక్క వేసి వెళ్లిపోయాడు. ఆ తీగ ముక్కే నిరోధం. పాతరకం ట్రాన్సిస్టర్లలో ఏది ముందు వేడెక్కితే అదే ఇంకా ఎక్కువ కరెంటు లాక్కుంటుంది, లాక్కున్నకొద్దీ వేడెక్కుతుంది. ఆ తీగ ముక్క దాన్ని ఆపుతుంది.

"ఇది మొదలే సెప్పొచ్చు కదా మావా!" అన్నాను.

"సెప్తే ఇంతావేటి? కాలితే ఇంతావు."

పాఠం గుర్తుండిపోయింది, నిజమే. కానీ మూడు జతలు బూడిదయ్యాయి. నేను అన్నం మెతుకు కింద పడితే ఏరుకుని తినే మనిషిని. వృథా చేసి నేర్పడం నాకు నేర్పడంలా కనిపించదు. మీరు ఎవరికైనా నేర్పితే మాట ముందు చెప్పండి.

ఆయన దగ్గర ఇంకో అలవాటు ఉండేది. పని అయిపోయాక చిన్న ఆకురాయి తీసి ట్రాన్సిస్టరు మీదున్న నంబరు గీకేసేవాడు. "మన కష్టం ఎదురుషాపోడు సదువుకోకూడదు" అనేవాడు. ఆ ఆకురాయి ఆయన పోయాక నాకు వచ్చింది. ఆ అలవాటు కూడా దాంతోపాటే వచ్చింది.

తలుపు

మోటారు వేగం తగ్గించడానికి పాత పద్ధతి దారిలో ఒక తీగచుట్ట పెట్టడం. మోటారు నెమ్మదిస్తుంది, చుట్ట ఎర్రగా కాలుతుంది. మిగిలిన కరెంటును పొయ్యిలో వేసినట్టే. అది చూస్తే నా ప్రాణం విలవిల్లాడేది.

ఇప్పుడు మనం వాడే మాస్‌ఫెట్, షాపుల్లో ఫెట్ అంటారు, అది కుళాయిలా పనిచేయదు. తలుపులా పనిచేస్తుంది. సెకనుకి వేలసార్లు పూర్తిగా తెరుచుకుంటుంది, పూర్తిగా మూసుకుంటుంది. ఎక్కువసేపు తెరిచి ఉంచితే మోటారు జోరుగా తిరుగుతుంది, తక్కువసేపు తెరిస్తే నెమ్మదిగా తిరుగుతుంది. బారుగా తెరిచిన తలుపులోంచి మనుషులు హాయిగా వెళతారు. మూసి ఉంటే ఎవరూ వెళ్లరు. ఓరగా ఉన్నప్పుడే తోపులాట. ఫెట్‌కి కూడా వేడి ఎక్కువగా పుట్టేది ఆ ఓరగా ఉన్న క్షణంలోనే. అందుకని దాన్ని తెరిచే కాలికి, గేటు అంటారు, పన్నెండు వోల్టులు నిండుగా ఇవ్వాలి, గట్టిగా ఇవ్వాలి. అయిదు వోల్టులు ఇచ్చి "తెరుచుకుంది కదా" అని మురిసిపోయిన పిల్లలు నాకు చాలామంది తెలుసు. ఆ బోర్డులు కాలిన వాసనతో వచ్చేవి.

ఇక ఎన్నుకోవడం. మొదటి ప్రశ్న ఆంపులు కాదు, వోల్టులు. నాలుగు బ్యాటరీలు కలిపి నలభై ఎనిమిది అంటాం. అది పేరు మాత్రమే. పొద్దున్నే ఛార్జరు తీసిన గంటలో కొలవండి, యాభై ఆరు చూపిస్తుంది. దానికి తోడు తలుపు టక్కున మూసినప్పుడు మోటారులో పారుతున్న కరెంటు ఒప్పుకోదు, ఎదురు తంతుంది. ఆ తాపు తప్పించుకోవడానికి డయోడు, కరెంటును ఒకవైపే పోనిచ్చేది, దారి ఇస్తుంది. కానీ బ్యాటరీ నుంచి వచ్చే పొడుగు తీగ కూడా తంతుంది, దానికి డయోడు అడ్డం లేదు. అందుకే నలభై ఎనిమిది వోల్టుల బండికి నూరు వోల్టుల ఫెట్ వేస్తాం. తీగ పొట్టిగా పెడతాం, ఫెట్ల పక్కనే ఆ తాపుని మింగేసే పెద్ద కెపాసిటరు కూర్చోబెడతాం.

రెండోది, మోటారు తిరుగుతున్నప్పుడు ఎంత లాగుతుందని కాదు, చక్రం ఇరుక్కుని కదలనప్పుడు ఎంత లాగుతుందని అడగాలి. తారురోడ్డు మీద ముప్పై ఆంపులతో పోయే బండి, తీరంలో ఇసకలో కూరుకుపోతే నూట యాభై దాటి లాగుతుంది. కరెంటు రెట్టింపయితే వేడి నాలుగు రెట్లు.

మూడోది, తలుపు బారుగా తెరిచాక కూడా ఎంత రాపిడి మిగులుతుందని. ఫెట్ కాగితంలో అది మిల్లీఓముల్లో ఉంటుంది. తక్కువుంటే మంచిది. అదీ చల్లగా ఉన్నప్పటి లెక్క. వేడెక్కితే ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు అవుతుంది.

ఇది నాకు మా గౌరి చెప్పింది. పెళ్లయి వచ్చిన ఆరో నెలలో ఒక ఫెట్ కాగితం ఫోనులో చదువుతూ నవ్వింది.

"అత్తా, నూట ఇరవై ఆంపులు అని గొప్పగా రాసినాడు. కింద సిన్నక్షరాల్లో ఇరవై అయిదు డిగ్రీల కాడ అన్నాడు. మనూర్లో మే నెల్లో ఇరవై అయిదు డిగ్రీలెక్కడుంతాయి?"

"మంచు కొండల మీద బండి తోలినోడు రాసుంతాడు," అన్నాను.

"అయితే మనకి ముప్పైయ్యే అనుకోవాల."

"నువ్వు సెప్తే నానెందుకు ఇనాల? నిన్న గాక మొన్నొచ్చినావు."

అన్నాను గాని విన్నాను. ఆరోజు నుంచి కాగితంలో ఉన్న ఆంపుల్లో పావు వంతే నమ్ముతున్నాం. చదువుకున్న కోడలు రావడం నా అదృష్టం. ఈ మాట దానికి చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

దొంగసరుకు గురించి కూడా ఒక ముక్క. ఒక నంబరు చెరిపి ఇంకో నంబరు అచ్చేసి అమ్మేవాళ్లు ఉన్నారు. మేం కొన్న ప్రతి ఫెట్‌నీ పరీక్ష చేస్తాం. రెండు లారీ హెడ్‌లైటు బల్బులు పక్కపక్కన కలిపి, ఫెట్ ద్వారా వెలిగిస్తాం. సుమారు ఆరు ఆంపులు పోతుంది. అప్పుడు ఫెట్ రెండు కాళ్ల మధ్య మీటరు పెడితే, మంచిదయితే ముప్పై మిల్లీవోల్టులు, దొంగదయితే తొంభై, నూరు. ఇంతకంటే చవకైన పరీక్ష లేదు. బల్బులు కూడా పాతవే.

బిస్కట్ల డబ్బా

ఇన్ని చెప్పాను కదా, ఇన్నీ తెలిసిన మనిషే తప్పు చేసింది. తెలియక చేస్తే ఇంత రాసేదాన్ని కాదు.

మా షాపుకి చచ్చిన బోర్డు వస్తే నేను పారెయ్యను. ఆరు ఫెట్లున్న బోర్డులో రెండు చస్తే నాలుగు బతికే ఉంటాయి. వాటిని ఊడదీసి, కాళ్లు తుడిచి, బిస్కట్ల డబ్బాలో వేసేదాన్ని. ఏళ్లు గడిచేసరికి డబ్బా నిండింది. అవన్నీ ఎక్కడివి? చాలావరకు మేం పూర్వం బిగించిన బోర్డులే తిరిగొచ్చినవి. కొన్ని లారీ ఫ్యాన్లకి వేసిన యాభై అయిదు వోల్టులవి. లారీకి ఇరవై నాలుగు వోల్టులు కాబట్టి అవి సరిపోయేవి. కొన్ని బ్యాటరీ బండ్లకి వేసిన నూరు వోల్టులవి. రెండూ నల్లగానే ఉంటాయి, మూడు కాళ్లే ఉంటాయి. రెండిటి మీదా నంబరు ఉండదు. ఎందుకుండదంటే, మావ ఆకురాయితో నేనే గీకేశాను కాబట్టి.

ఎదురుషాపువాడికి తెలియకూడదని గీకాను. చివరికి నాకే తెలియకుండా పోయింది.

గౌరి చాలాసార్లు గొడవ పడింది. "అత్తా, ఆ డబ్బా పారెయ్యి. పాతవీ కొత్తవీ కలిపెయ్యకూడదు. ఒక్కోటి ఒక్కో వోల్టు కాడ తెరుసుకుంతాది. ముందు తెరుసుకున్నదాని మీదే మొత్తం బరువు పడతాది."

అది నిజం. ఈ రకం ఫెట్లు బారుగా తెరుచుకున్నాక బరువు బాగానే పంచుకుంటాయి. ఏది వేడెక్కితే దాని రాపిడి పెరిగి కరెంటు పక్కవాటికి జరుగుతుంది. పాత ఇనప టోపీవాటికి పూర్తిగా ఎదురు గుణం. కానీ తెరుచుకునే, మూసుకునే క్షణంలో అన్నీ కలిసి కదలాలి. ఒకటి ముందు తెరిచి, వెనక మూస్తే మోత అంతా దానిదే. అందుకే ఒకే పెట్టెలోంచి తీసినవి, గేటు వోల్టు కొలిచి జతపడినవి మాత్రమే పక్కపక్కన వెయ్యాలి.

"డబ్బా నీ కంచంలో కూకుందేటే?" అని కసిరాను దాన్ని. "బతికున్నదాన్ని పారెయ్యడం నా వల్ల కాదు."

నూకాలు

నూకాలు చేపలమ్మే మనిషి. మా షాపుకి పది కిలోమీటర్ల దూరంలో తీరం ఊరు. ఇరవై ఏళ్లు తల మీద గంపతో ఊళ్లు తిరిగింది. కుడి మోకాలు అరిగిపోయింది, మెట్టు ఎక్కితే లోపల కరకరమంటుంది. కూర్చుంటే తినే ఇల్లు కాదు. అప్పుడు ఒక వెల్డింగు మేస్త్రి చేత మూడు చక్రాల బండి కట్టించుకుంది. ఫ్యాక్టరీలో సామాను మోసే పాత బ్యాటరీ బండి తుక్కులోకి వస్తే, దాని మోటారు తీసి దీనికి పెట్టారు. దానికి కంట్రోలరు నా దగ్గరే చేయించుకుంది. మోటారుకి ప్రాణం ఎక్కువ, సామాన్యమైంది కాదు.

ఆ బండి వచ్చాక నూకాలు మారిపోయింది. పడవలు ఒడ్డుకి రాగానే సరుకు ఎత్తుకుని, ఎండెక్కకముందే ఆరు ఊళ్లు చుట్టేసేది. షాపు ముందు నుంచి వెళుతూ అరిచేది.

"అప్పా! నీ పెట్టె నిన్న ఇసకలోంచి గుర్రం నాగ లాగీసినాది!"

"అరవకే, రోడ్డు సూడు!" అనేదాన్ని. కడుపు నిండినట్టుండేది.

ఏడాది తరవాత కంట్రోలరు ఒకసారి ఆగిపోయింది. ఇసకలో ఇరుక్కున్నప్పుడు ఫెట్ల మీద బరువు పడింది. ఆరింటిలో రెండు పోయాయి. ఆరోజు గౌరి పుట్టింటికి వెళ్లింది. ఆరూ కొత్తవి వేద్దామంటే షాపులో నాలుగే ఉన్నాయి, మిగిలినవి విజయనగరం నుంచి రావడానికి రెండు రోజులు పడుతుంది. నూకాలు స్టూలు మీద కూర్చుని మోకాలు రాసుకుంటోంది.

"ఈరోజే ఇచ్చీవే అప్పా. రేపు గంపెత్తితే ఈ కాలు నన్ను ఇంటికి తేదు."

పాతవి నాలుగు బతికే ఉన్నాయి కదా, వాటితోపాటు ఇంకో రెండు కావాలి. డబ్బా తీశాను. రెండు ఏరాను. బల్బులతో పరీక్ష చేశాను, మిల్లీవోల్టులు చక్కగా వచ్చాయి. ఆ పరీక్ష రాపిడి చెబుతుంది గాని వోల్టులు ఎంత తట్టుకుంటుందో చెప్పదు. అది నాకు తెలుసు. తెలిసీ, నూకాలు మోకాలు చూసి, కొత్తవి మిగిల్చుకోవాలన్న నా పీనాసితనం కూడా చూసుకుని, బిగించేశాను. చెయ్యి పెట్టి పది లెక్కపెట్టాను. ఆగింది. పంపించేశాను.

మూడు వారాలు బండి బాగా తిరిగింది.

ఆ పొద్దున ఛార్జరు తీసి, నిండు బ్యాటరీలతో నూకాలు ఒడ్డుకి బయలుదేరింది. తీరం వైపు రోడ్డు కొంచెం పల్లం. దూరంగా పడవలు కనిపించగానే, వేగం కోసం తిప్పే పిడి వదిలింది. బండి ఆగలేదు. ఇంకా జోరందుకుంది.

ఈ ముక్క బాగా గుర్తు పెట్టుకోండి. ఫెట్ చచ్చేటప్పుడు తలుపు మూసి చావదు. తెరిచి చస్తుంది. బ్యాటరీ మొత్తం మోటారు మీద పడుతుంది. పిడి వదిలినా, తిప్పినా దానికి పట్టదు.

నూకాలు బ్రేకు తొక్కింది. చక్రం కమురు వాసన వేసింది గాని మోటారు లొంగలేదు. ముందు ఒడ్డున సరుకు కోసం పదిమంది ఆడవాళ్లు కూర్చున్నారు. వాళ్ల మీదికి పోకుండా బండిని పక్కకి కోసి, ఇసకలోకి తోలి, ఎండబెట్టిన తెప్పకి గుద్దింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆమె కుడి మణికట్టు విరిగింది.

చెప్పాలా, మానాలా

బండిని ఎవరో ఆటోకి కట్టి మా షాపుకి తెచ్చారు. గౌరి పెట్టె విప్పింది. ఆరు ఫెట్లలో రెండు పగిలి ఉన్నాయి. నంబర్లు లేవు. అది వాటిని తిప్పి చూసింది. వెనక రేకుకి ఒక చిన్న గాడి ఉంది. మిగిలిన నాలుగింటికి ఆ గాడి లేదు. బల్ల మీద ఒక లారీ ఫ్యాను బోర్డు ఉంటే దాని ఫెట్ తీసి పక్కన పెట్టింది. దాని మీద నంబరు ఇంకా గీకలేదు. అదే గాడి. యాభై అయిదు వోల్టులది.

యాభై ఆరు వోల్టుల బ్యాటరీ మీద యాభై అయిదు వోల్టుల ఫెట్. పైన ఆ తాపులు. అన్నాళ్లు ఓర్చుకోవడమే గొప్ప.

గౌరి నా వైపు చూడకుండా అంది. "నంబరు నేదు కదత్తా. ఇసకలో బరువుకి పోనాయంటే ఎవురికీ తెలీదు."

అది నన్ను పరీక్షిస్తోందో, కాపాడుతోందో ఈరోజుకీ అడగలేదు. నేను పాత చీర కొంగులో ఆ రెండు పగిలిన ఫెట్లూ మూటకట్టుకుని బస్సెక్కాను.

నూకాలు గుమ్మంలో కూర్చుని ఉంది, చేతికి పిండికట్టు. ఫెట్లు ఆమె ఎడమ చేతిలో పెట్టి జరిగింది చెప్పాను. పాతవని, వేరే రకమని, నంబరు నేనే గీకానని, కొత్తవి ఉండగా మిగుల్చుకున్నానని. ఏదీ దాచలేదు.

వాటిని అరచేతిలో తిప్పి చూసింది. తరవాత అంది.

"అప్పా, నిన్నటి సేపా ఇవాల్టి సేపా ఒకే గంపలో కలిపి అమ్మితే ఊరోలు నన్నేటంతారో తెలుసా?"

"తెలుసు."

"నానెప్పుడైనా నీకు అలగ ఇచ్చినానా?"

"ఇవ్వనేదు."

"మరి నువ్వెందుకిచ్చినావు?"

యాభై ఏళ్ల పనిలో ఎంతమంది డ్రైవర్ల చేత తిట్లు తిన్నానో లెక్క లేదు. ఒక్కటీ గుర్తు లేదు. ఇది మాత్రం పోదు.

"బండి తుక్కులోకి ఏసీయ్," అంది చివరికి. "నానింక ఎక్కను. సెయ్యి అతుక్కున్నాక గంపే ఎత్తుతాను."

"ఆ కాలితోనా?"

"కాలు నాది కదా. నా మాట ఇంతాది. నీ పెట్టె ఇననేదు."

లేచి వచ్చేస్తుంటే వెనక నుంచి పిలిచింది. కోపంగానే.

"మా మరిది బోటింజనుకి ఎర్ర తాడుంతాది. మనిషి ముంజేతికి కట్టుకుంతాడు. నీల్లల్లో పడిపోతే తాడు ఊడి ఇంజను ఆగిపోతాది. సేపలోలకి తెలిసిన పాటి మీకు తెలీదేటి?"

బస్సులో దారంతా ఆ తాడే ఆలోచించాను.

పది

డబ్బా పారెయ్యడం నా చేతులతో చెయ్యలేను అన్నాను. గౌరి చేసింది. నేను అటు తిరిగి కూర్చున్నాను. ఆ చప్పుడు ఇంకా చెవిలో ఉంది.

కంట్రోలరు మొదటి నుంచి కట్టాం. నూరు వోల్టుల ఫెట్లు కొత్తవి, ఒకే పెట్టెలోవి. పన్నెండు కొని, గేటు వోల్టులు కొలిచి, దగ్గరగా ఉన్న ఆరు తీసుకున్నాం. ఒక్కొక్క గేటుకి విడిగా చిన్న నిరోధం. అల్యూమినియం రేకు ముందుదానికి రెట్టింపు. పెట్టె బ్యాటరీల పక్కకి మార్చి తీగ పొట్టి చేశాం. ఇక అన్నిటికంటే ముఖ్యమైంది, బ్యాటరీకీ పెట్టెకీ మధ్య పెద్ద కాంటాక్టరు. లావు కరెంటును రాగి నాలుకతో కలిపే, విడదీసే స్విచ్చు అది. దానికి ఎర్ర తాడు. తాడు లాగితే ఫెట్లు బతికున్నా చచ్చినా బండికి కరెంటు ఉండదు. అది లేకుండా మా షాపు నుంచి ఏ బండీ బయటికి పోవడం లేదు ఇప్పుడు. మీ షాపు నుంచి కూడా పోనివ్వకండి.

ఫెట్ల మీద నంబర్లు గీకలేదు. గౌరి ఒక అడుగు ముందుకేసి, పెట్టె మూత లోపల ఫెట్ నంబరు, వోల్టులు, బిగించిన తేదీ రాసి అంటించింది.

"ఎదురుషాపోడు సూస్తాడే," అన్నాను.

"సూడనీ అత్తా. మంచి ఫెట్ ఏస్తే ఆడి దగ్గిరా మనుసులు బతుకుతారు."

మావ ఉంటే ఏమనేవాడో తెలియదు. నాకు మాత్రం అందులో తప్పు దొరకలేదు.

పిండికట్టు విప్పాక నూకాలుకి కబురు పెట్టాను, బండి చూడడానికైనా రమ్మని. రానంది. అయితే నేనే తెస్తానని ఒక పొద్దున గౌరి, నేను బండి మీద తీరానికి వెళ్లాం. నూకాలు ఒడ్డునే ఉంది. పక్కన ఖాళీ గంప. నన్ను చూసి చీర దోపుకుంది.

"నానెక్కనన్నాను కదా."

"నువ్వెక్కొద్దు. నానెక్కుతాను. నువ్వు సూడు."

గౌరిని దించేశాను. తాడు ముంజేతికి కట్టుకున్నాను. అరవై ఎనిమిదేళ్ల మనిషిని, బండి తోలడం నాకు రాదు. ఇసకలోకి తోలాను. చక్రాలు దిగిపోయాయి. పిడి తిప్పాను, మోటారు మూలిగింది, బండి ఒక కుదుపుతో బయటికి వచ్చింది. మళ్లీ దింపాను, మళ్లీ లాగింది. అలా ఆరుసార్లు చేశాను. ఒడ్డున ఆడవాళ్లంతా నోళ్లు తెరుచుకుని చూశారు. ఏడోసారి పిడి పూర్తిగా తిప్పి, అలాగే పట్టుకుని, తాడు లాగేశాను. ఠక్కుమంది. బండి అక్కడికక్కడే నిలబడిపోయింది. నేను పిడి మీదికి తూలాను.

"ముసల్దానికి పిచ్చెక్కినాదే!" అని ఎవరో అరిచారు.

నూకాలు కుంటుకుంటూ వచ్చింది. పెట్టె పక్కన వంగి, విరిగి అతుక్కున్న ఆ చేతినే అల్యూమినియం రేకు మీద పెట్టింది. మా షాపులో నన్ను చూసీ చూసీ ఆ పద్ధతి ఆమెకీ వచ్చేసింది. కానీ లెక్క తనది. చేపలు లెక్కపెట్టేటప్పుడు వాళ్లు ఒకటి అనరు. లాభం అంటారు.

"లాభం... రెండు... మూడు..."

గౌరి నా భుజం పట్టుకుంది.

"ఎనిమిది... తొమ్మిది... పది."

చెయ్యి తియ్యలేదు. పదకొండు, పన్నెండు, పదిహేను దాకా వెళ్లింది. ఇరవై దగ్గర ఆగి, అరచెయ్యి చీరకి తుడుచుకుంది.

"సేతికి కట్టీ," అని ముంజేయి చాపింది.

నా చేతి నుంచి ఎర్ర తాడు విప్పి ఆమె చేతికి కట్టాను. సరుకు ఎత్తించుకుంది, ఎక్కి కూర్చుంది, పిడి తిప్పింది. రోడ్డు మీదికి వెళ్లాక వెనక్కి తిరిగి అరిచింది.

"దిగబెట్టడానికి టైము నేదప్పా! ఎండెక్కిపోతే సేపలాగవు!"

గౌరి, నేను ఇసకలో నిలబడిపోయాం. షాపు పది కిలోమీటర్లు.

"మరేటత్తా, ఆటోకి పోదామా?" అంది.

"ఆటో ఎందుకే దండగ," అన్నాను. "నడు."